సెప్టెంబర్ 17: కత్తెర పడ్డ చరిత్ర

ఒక్క తేదీకి ఎన్ని పేర్లు! సెప్టెంబర్ 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. పాతబస్తీ పెద్దలు సుఖూత్-ఎ-హైదరాబాద్ అన్నారు, అంటే హైదరాబాద్ పతనం. ఊళ్లల్లో మన తాతలు ఈ పేర్లేవీ పెట్టలేదు. రజాకార్ల జమానా, పోలీస్ యాక్షన్, సంఘపోళ్ల కాలం అని మూడు ముక్కల్లో చెప్పి ఊరుకున్నారు.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ రోజును సర్కారు పట్టించుకోలేదు. ఎందుకు జరపరని ఉద్యమంలో మనమే నిలదీశాం. రాష్ట్రం వచ్చిన తర్వాత కూడా ఏళ్లకేళ్లు అదే మౌనం నడిచింది. 2022లో ఒక్కసారిగా పోటీ మొదలైంది. కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపితే, రాష్ట్రం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2024 మార్చిలో కేంద్ర హోంశాఖ ఏటా విమోచన దినం జరపాలని గెజిట్ ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం దానికి ప్రజాపాలన దినోత్సవం అని పేరు పెట్టింది. జెండా ఎగరేసిన ఉద్యోగులు వాళ్లే, వరుసలో నిలబడ్డ పిల్లలు వాళ్లే. మారింది పేరొక్కటే.

పేరు కోసం ఇంత కొట్లాట ఎందుకు? పేరు ఎవరిదైతే కథ వాళ్లదవుతుంది కాబట్టి. కథ ఎవరిదైతే ఈ నేల మీద ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అని తేల్చే అధికారం కూడా వాళ్లకే పోతుంది కాబట్టి.

అబద్ధం కన్నా పదునైనది

జాతి పేరిట చరిత్రను తిరగరాసేవాళ్లు ప్రతిసారీ అబద్ధం చెప్పరు. అట్లా చెబితే దొరికిపోతారు. వాళ్ల చేతిలో అబద్ధం కన్నా పదునైన పనిముట్టు ఉంది. అది కత్తెర. కథను ఎక్కడ మొదలు పెట్టాలో, ఎక్కడ ఆపాలో వాళ్లే నిర్ణయిస్తారు. మధ్యలో మిగిలిన ముక్క నిజమే అయి ఉంటుంది. మొత్తం కథ మాత్రం తప్పుగా తయారవుతుంది.

రజాకార్లు చేసిన ఘోరాలు నిజం. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎత్తిన జనం మీద కాల్పులు నిజం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి నిజం. బురుజెక్కి వడిసెలలతో, నాటు తుపాకులతో ఊరిని కాచుకున్న మనుషులను వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. దీన్ని చిన్నది చేసి మాట్లాడేవాళ్లతో మనకు రాజీ లేదు. ఆ బురుజు ఇంకా ఉంది, పోయి చూడవచ్చు.

విమోచన కథకులు చేసేదేమంటే, ఖాసిం రజ్వీ ఉపన్యాసాల దగ్గర కథ మొదలుపెట్టి, 1948 సెప్టెంబర్ 17 సాయంత్రం ఆపేస్తారు. ఆ కొద్ది కాలాన్ని మాత్రమే చూపిస్తే ముస్లిం రాజు, హిందూ ప్రజ, రక్షించడానికి వచ్చిన సైన్యం కనబడతాయి. సినిమాకు బాగా సరిపోతుంది. 2024లో అటువంటి సినిమా ఒకటి వచ్చింది కూడా. అదే కథను ఒక పదేళ్లు వెనక్కి, ఒక పదేళ్లు ముందుకు జరిపి చూడండి. మతం గీసిన గీత చెరిగిపోయి భూమి గీసిన గీత పైకి తేలుతుంది.

ముందు వైపు పోయిన ముక్క

షేక్ బందగీ పేరు ఆ కథలో వినబడదు. జనగామ తాలూకా కామారెడ్డిగూడెం పేద రైతు ఆయన. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ మీద కోర్టుకెక్కి నిలబడ్డాడు. 1940లో దొర మనుషులు ఆయనను నరికి చంపారు. చంపించిన దొర హిందువు, చచ్చిన రైతు ముస్లిం, ఏలుతున్న రాజు నిజాం. విమోచన కథలో బందగీని ఏ వరుసలో నిలబెట్టాలి? చోటు లేదు కాబట్టి తీసేశారు. ఆయన జీవితమే ఆధారంగా ‘మా భూమి’ నాటకం పుట్టిందని, దాన్ని ఊరూరా ఆడారని మాత్రం జనం మర్చిపోలేదు.

ఆ విసునూరు దొర చేతి కింద 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య లెక్కగట్టారు. 1946 జూలై 4న కడవెండిలో దొర గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ పండించిన పంట మీద కన్నేసింది కూడా ఆ దొరే. కొమరయ్య ఏ మతపోడని చూసి దొర తుపాకి పేల్చలేదు. అయిలమ్మ చేతిలోని గింజలు గుంజుకునేటప్పుడు ఆమె ఏ దేవుణ్ని మొక్కుతుందో అడగలేదు. వెట్టి చేయించుకున్న గడీలు తెలంగాణ పల్లెల్లో ఎక్కువ భాగం హిందూ అగ్రకుల దేశ్‌ముఖ్‌లవి. ఆ గడీలకు అండ నిజాం పోలీసులు, చివరి రోజుల్లో రజాకార్లు. రజాకార్ల దండు ఊరి మీదికి వచ్చినప్పుడు గడీలో అన్నం తిని వచ్చిన సందర్భాలెన్నో. రజాకార్లను పెంచి పోషించిన లాయక్ అలీ సర్కారులో ఉప ప్రధాని ఎవరు? పింగళి వెంకటరామారెడ్డి. గడీ, దర్బారు ఒకే చాప మీద కూర్చున్నాయని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అటు పక్కన ఎవరున్నారో కూడా చూద్దాం. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిల పక్కన మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు. ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో నరికివేతకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ‘ఇమ్రోజ్’ ఆయన పత్రిక. కలం పట్టినవాళ్లుగా మేము ఆయనకు రుణపడి ఉన్నాం. ఇంకా వెనక్కి పోతే 1857 జూలై 17న కోఠి రెసిడెన్సీ మీద దాడికి నడిపించినవాడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. ఆ తిరుగుబాటును అణచడంలో ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచింది నిజాం సర్కారు. ఇద్దరి మతం ఒకటే, నిలబడ్డ పక్కలు వేరు.

తరువాత వైపు పోయిన ముక్క

1948 సెప్టెంబర్ 13న ట్యాంకులు, విమానాలతో ఇండియా సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి దిగింది. సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. లోకానికి చెప్పిన పేరు పోలీసు చర్య. చరిత్రను దిద్దడం ఆ పేరుతోనే మొదలైంది. 17న నిజాం సర్కారు చేతులెత్తేసింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. విమోచన కథ ఇక్కడ ‘శుభం’ అని తెర దించుతుంది. మన ఊళ్ల కథ ఇక్కడ దించితే ఒప్పుకోదు.

ఎవరి నుంచి విమోచన జరిగిందో చూద్దాం. నిజాంకు ఏడాదికి 50 లక్షల రాజభరణం ఇచ్చారు. 1950 జనవరి 26న ఆయననే రాజప్రముఖ్ చేశారు. 1956 అక్టోబర్ 31 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. 1949లో జాగీర్లు రద్దు చేశారు, జాగీర్దార్లకు పరిహారం కట్టి మరీ. ఖాసిం రజ్వీకి బీబీనగర్ దోపిడీ కేసులో ఏడేళ్ల శిక్ష పడింది, 1957లో బయటికొచ్చి పాకిస్తాన్ పోయాడు. రజాకార్లతో కొట్లాడిన నల్లగొండ రైతు బిడ్డలు పన్నెండు మందికి అదే కాలంలో ఉరిశిక్ష వేశారు. దేశంలో, విదేశాల్లో గోల పుడితే తప్ప ఆ ఉరి యావజ్జీవంగా మారలేదు. ఈ రెండు శిక్షలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రోజు ఎవరు ఎవరిని విమోచనం చేశారో అర్థమవుతుంది.

రజాకార్లు పోయిన తర్వాత సైన్యం ఇంటికి పోలేదు. సంఘపోళ్ల మీదికి తిరిగింది. మూడు వేల ఊళ్లల్లో, పది లక్షల ఎకరాల భూమి జనం పంచుకున్నారని సుందరయ్య లెక్క. ఊరొదిలి పట్నం పారిపోయిన దొరలు తెల్ల టోపీలు పెట్టుకొని, సైన్యం వెనకాలే గడీలకు తిరిగొచ్చారు. పంచిన భూములు చాలా చోట్ల మళ్లీ గుంజుకున్నారు. 1951 అక్టోబర్ 21న పోరాటం విరమించేదాకా అడవుల్లో, క్యాంపుల్లో చావులు సాగాయి. మొత్తం పోరాటంలో నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతులు చనిపోయారని, పదివేల మందిని జైళ్లల్లో, నిర్బంధ శిబిరాల్లో పెట్టారని ఆయనే రాశారు. మరుసటి ఏడు ఎన్నికల్లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డిని నెహ్రూకు మించిన ఓట్లతో పార్లమెంటుకు పంపి తమ మాట చెప్పారు. సెప్టెంబర్ 17తో అంతా సుఖాంతమైతే, ఆ ఓట్లు ఎందుకు పడ్డాయి?

ఇంకొక ముక్క మరీ లోతుగా పూడ్చిపెట్టారు. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండ. దాన్ని విచారించమని ఢిల్లీ సర్కారే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. 1948 నవంబర్ చివర, డిసెంబర్‌లో వాళ్లు సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగారు. ఎంత తక్కువ లెక్కగట్టినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసిచ్చారు. ఎక్కువ నెత్తురు పారింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. నల్లగొండ, మెదక్ కూడా తప్పించుకోలేదు. రజాకార్ల ఘోరాలను కూడా ఆ నివేదిక దాచలేదు. ఆ రెండు నిజాలనూ ఒకే కాగితం మీద పెట్టిన పాపానికి దాన్ని దశాబ్దాల పాటు బీరువాలో పెట్టారు. భాగాలు భాగాలుగా పుస్తకాల్లోకి వచ్చినా, అసలు ప్రతి ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చదువుకునే వీలు 2013లో గానీ రాలేదు. దాచిపెట్టింది సెక్యులర్ అని చెప్పుకున్న సర్కార్లే. ఇవాళ్టి విమోచన కథకు మైదానం చదును చేసి పెట్టింది ఆ మౌనమే.

ఆ నివేదికలోనే మరొక సంగతి ఉంది. కొన్ని చోట్ల ముస్లిం సాలెలను కాపాడడానికి హిందూ సాలెలు అడ్డం పడ్డారు. సాటి హిందువుల గుంపులకు ఎదురు నిలిచి ప్రాణాలు కూడా ఇచ్చారు. ఒకే మగ్గం పని, ఒకే ఆకలి. మతం చెప్పిన మాట కన్నా ఆ బంధం గట్టిదైంది. వాళ్లకు ఏ మైదానంలోనూ విగ్రహం లేదు. విమోచన కథలో వాళ్లు ఇమడరు, పతనం కథలోనూ ఇమడరు.

ఈ కత్తెర మనకు తెలిసిందే

సెప్టెంబర్ 17 మీద ఢిల్లీ ఆడిస్తున్న కత్తెరను మనం తొందరగా గుర్తుపట్టాలి. ఎందుకంటే యాభై ఎనిమిదేళ్లు ఇటువంటి కత్తెర కిందనే బతికాం. 1956 నవంబర్ 1న తెలుగుజాతి ఏకమైందని మనకు పాఠం చెప్పారు. హైదరాబాద్ రాష్ట్రం ప్రస్తుతానికి విడిగానే ఉండాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలని 1955లో ఫజల్ అలీ కమిషన్ చెప్పిన మాట ఆ పాఠంలో లేదు. 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందం లేదు. 1952 సెప్టెంబర్‌లో గైర్ ముల్కీ గోబ్యాక్ అన్నందుకు సిటీ కాలేజీ దగ్గర తుపాకులకు బలైన పిల్లలు లేరు. పోలీసు చర్య తర్వాత కొలువుల్లోకి దిగినవాళ్ల మీద కదా ఆ పిల్లలు తిరగబడ్డది! సెప్టెంబర్ 17ను సుఖాంతం చేస్తే ఆ పిల్లలు కూడా కథలోంచి జారిపోతారు.

జాతి పెద్దదైనా చిన్నదైనా, తెలుగుజాతి అన్నా భారతజాతి అన్నా, పద్ధతి ఒకటే. ‘మనమంతా ఒక్కటి’ అని ముందు తీర్మానం చేస్తారు. ఆ తీర్మానానికి అడ్డం వచ్చే మనుషులను తరువాత కథలోంచి తీసేస్తారు. అక్కడ ముల్కీ విద్యార్థి అడ్డం వచ్చాడు. ఇక్కడ బందగీ, మఖ్దూం, షోయబుల్లా ఖాన్, పంచిన భూమి పోగొట్టుకున్న రైతు అడ్డం వస్తున్నారు.

మన వాకిట్లో కూడా

ఈ మాట ఢిల్లీకి చెప్పి మన వాకిలి ఊడ్చుకోకపోతే న్యాయం కాదు. తెలంగాణ జాతి అనే గర్వంలో కూడా ఒక కత్తెర ఉంది. సమైక్య పాలకులు మన గతాన్ని తక్కువ చేశారన్న కోపంతో, అసలు నిజాం కాలమే స్వర్ణయుగం అని చెప్పేవాళ్లు మనలో తయారయ్యారు. రాష్ట్రం వచ్చాక పాలకుల నోటే ఆ పొగడ్తలు విన్నాం. నిజాంసాగర్, ఉస్మానియా దవాఖాన, యూనివర్సిటీ, రైళ్లు అన్నీ నిజమే. వాటిని కట్టిన పైసలు మాత్రం గోల్కొండ వజ్రాలు అమ్మి తేలేదు. ఊళ్లల్లో శిస్తు కట్టిన రైతు చెమట అది.

ఆ జమానాలో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 కింద ఇజాజత్ కావాలి. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బయటికి వెళ్లగొట్టారు. అదే యూనివర్సిటీ మెట్ల మీద లాఠీలు తిన్న మన తరం ఆ సంగతి మరువగూడదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపింది నిజాం బలగాలే. అడవి మీద, నేల మీద హక్కు అడిగినందుకు చంపాయి. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో నూటికి పదిమందికి కూడా చదువు రాదు. దీన్ని స్వర్ణయుగం అంటే అయిలమ్మ ఊకుంటదా?

ఒకరు నిజాంను రాక్షసుడిని చేసి ముస్లింలందరినీ ఆయన ఖాతాలో రాస్తారు. ఇంకొకరు నిజాంను దేవుణ్ని చేసి వెట్టిని దాస్తారు. ఈ రెండు కథల్లోనూ దొర కనబడడు. ఎవరు రాసినా గడీ మాత్రం భద్రంగా ఉంటుంది.

మనం చేయాల్సింది

ఇదంతా పాత ముచ్చట, ఇప్పుడెందుకు అనేవాళ్లు ఉంటారు. పాత ముచ్చటే అయితే గెజిట్లు ఎందుకు? కోట్లు పెట్టి సినిమాలు ఎందుకు? గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు ఉద్యమ చరిత్రను ఒక పేపరుగా రాస్తున్నారు. వాళ్లు బట్టీ పట్టే నాలుగు వాక్యాలు రేపు తహసీల్దారు కుర్చీలో, పోలీసు స్టేషన్‌లో, క్లాసు గదిలో కూర్చుంటాయి. ఊళ్లో పీర్ల పండుగకు ఇద్దరూ కలిసి ఎత్తిన అలాయి గుండం చుట్టూ ఇవాళ ఎవరు ఎవరిని ‘రజాకార్ల సంతతి’ అంటున్నారో చెవులు పెట్టి వినండి. ఆ మాట మన తాతల నోట రాలేదు. రజాకార్లను కళ్లారా చూసినవాళ్లు పక్కింటి సాయబును రజాకారు అనలేదు. చూడనివాళ్లు అంటున్నారు.

కాబట్టి సభల్లో ఏ పేరు గెలవాలన్న కొట్లాటను కాసేపు పక్కన పెడదాం. సుందర్‌లాల్ నివేదికను పూర్తిగా తెలుగులో, ఉర్దూలో అచ్చువేయమని ప్రభుత్వాన్ని అడుగుదాం. ఊరూరా అమరుల స్తూపం మీద ఉన్న పేర్లను, స్తూపం ఎక్కని పేర్లను రాసి పెడదాం. రజాకార్లు చంపినవాళ్లు, దొర చంపినవాళ్లు, సైన్యం చంపినవాళ్లు, గుంపులు చంపినవాళ్లు, అందరినీ ఒకే రిజిస్టరులో రాద్దాం. ఆ కాలాన్ని చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. ఉద్యోగులు సెలవు రోజు ఒక పూట, విద్యార్థులు ఎండాకాలం సెలవులు ఈ పనికి ఇస్తే చాలు.

ఇంకో పని కూడా ఉంది. నిజాం సర్కారు రాతలన్నీ ఉర్దూలో, ఫార్సీలో ఉన్నాయి. తార్నాక ఆర్కైవ్స్‌లో ఆ దఫ్తరాలు మూటలు మూటలుగా ఉన్నాయి. వాటిని చదవగలిగిన మన పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. సొంత దస్తావేజు చదవరాని వాడికి దాంట్లో ఏం రాసి ఉందో ఎవరు ఏది చెప్పినా నమ్మక తప్పదు. పట్వారీ చేతిలో మన తాతలు భూములు పోగొట్టుకున్నది అట్లాగే. చరిత్ర విషయంలో మనం ఆ వేలిముద్ర వేయొద్దు. యూనివర్సిటీల్లో చరిత్ర చదివే ప్రతి విద్యార్థికి ఉర్దూ నేర్పే ఏర్పాటు చేయమని పట్టుబడదాం.

తెలంగాణ అడిగినప్పుడు మనం భూమి, నీళ్లు, కొలువులతో పాటు మన కథను మనం చెప్పుకునే హక్కు కూడా అడిగాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ హక్కు మాత్రం ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వరు. వచ్చే సెప్టెంబర్ 17న మీ ఊళ్లో ఏ పేరుతో జెండా ఎగిరినా ఎగరనీయండి. ఆ జెండా కింద నిలబడ్డ పిల్లలకు మాత్రం కొమరయ్య పేరు పక్కన బందగీ పేరు, బైరాన్‌పల్లి పక్కన ఉస్మానాబాద్ పేరు చెప్పి ఇంటికి పంపండి.